మరువం అయిపోతే దండ ఆగిపోతుంది

(పాలకొల్లు దగ్గరి ఒక ఊళ్లో, పందులు పెంచే రైతుల ముందు ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి. పందుల సంగతి మాట్లాడుకునేటప్పుడు మీరు వెనకుంటే ఎలాగ? పొద్దున్నే కుడితి కలిపేది మీరు. ఏ పంది తిన్నదో, ఏది మూతి ముడుచుకుని పక్కకి పోయిందో ముందు తెలిసేదీ మీకే.

నేను సర్వీసంతా దాదాపు ఈ డెల్టాలోనే చేశానండి. గేదెల మీద మాట్లాడమని ఊరూరా పిలిచారు. కోళ్ల మీద పిలిచారు. పందుల మీద మాట్లాడమని పిలిచినవాళ్లు మాత్రం బహు తక్కువ. పంది పెంచే కుటుంబాలని ఊరి చివరకి నెట్టేశాం. తరతరాలుగా ఆ పని తెలిసిన ఎరుకల వాళ్ల దగ్గర కూర్చుని నాలుగు మాటలు నేర్చుకుందామని మా చదువులకీ తోచలేదు, మా ఆఫీసులకీ తోచలేదు. అందుకే ఇవాళ మీరు పిలవగానే బయల్దేరి వచ్చేశాను.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఈ ప్రసంగం దాని గురించే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కొల్లేరు వైపు ఒక ఊళ్లో ఒకాయన 12 సీమ పందులు పెట్టాడు. తెల్లవి, యార్క్‌షైర్ సంకరం. "డాక్టరు గారూ, తింటున్నాయండి, పొట్టలు పెరుగుతున్నాయి, ఒళ్లు మాత్రం రావట్లేదు" అన్నాడు. దాణా చూశాను. నూకలు, తవుడు, కాస్త కొబ్బరి చెక్క. ప్రోటీన్ తక్కువైందని అక్కడే తేల్చేశాను. వేరుశనగ చెక్క బాగా పెంచమన్నాను. ఆయన నా మాట నమ్మి అప్పు చేసి చెక్క కొన్నాడు. రెండు నెలలు పోయాక మళ్లీ వెళ్లాను. షెడ్డులో అడుగు పెట్టగానే కళ్లు మండిపోయాయి, అంత ఘాటు. పందులు తొట్లకు తొట్లు నీళ్లు తాగుతున్నాయి, ఉచ్చ పోస్తున్నాయి. వీపు మీద కొవ్వు కాస్త మందం కట్టింది. తొడలు చూస్తే ఎప్పట్లాగే ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదండి. అనకపోవడమే నాకు ఇన్నేళ్లుగా గుర్తుండిపోయింది.

ఆ చెక్క డబ్బులు ఎక్కడికి పోయాయో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఉచ్చలో పోయాయి. ఎలా పోయాయో మీకు చెప్పడానికే వచ్చాను.

కడియపులంక పూల మార్కెట్‌కి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. అక్కడ దండ కట్టేవాళ్ల చేతులు చూడండి. రెండు చామంతులు, ఒక కనకాంబరం గుత్తి, ఒక మరువం రెబ్బ, మళ్లీ రెండు చామంతులు. వరస తప్పకూడదు. బుట్టెడు చామంతులున్నాయి, గంపెడు కనకాంబరాలున్నాయి, మరువం మాత్రం గుప్పెడే ఉంది అనుకోండి. ఆ గుప్పెడు మరువం ఎంతవరకు వస్తే దండ అంతవరకే. మరువం అయిపోతే దండ అక్కడ ఆగిపోతుంది. మిగిలిన చామంతులు ఏమవుతాయి? రేపటికి దాచుకుందామంటే కుదరదు, సాయంత్రానికే వాడిపోతాయి. ఊడ్చి పారబోయాల్సిందే.

పంది ఒంట్లో కండ తయారయ్యేది కూడా ఇలాగేనండి. కండ అంటే ప్రోటీన్, ప్రోటీన్ అంటే ఒక దండ. అందులోని పూలని అమైనో ఆమ్లాలు అంటారు. మొత్తం 20 రకాలు. సగం రకాలు పంది తన ఒంట్లో తానే చేసుకోగలదు. మిగిలిన పది దాకా దాణాలో రావాల్సిందే: లైసిన్, థ్రియోనిన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్, వాలీన్ ఇలాగ. పేర్లన్నీ గుర్తుపెట్టుకోవక్కర్లేదు. మీరు ఇవాళ ఇంటికి తీసుకెళ్లాల్సిన పేరు ఒక్కటే, లైసిన్. మనం ఈ డెల్టాలో పెట్టే దాణాలో ముందుగా అయిపోయే మరువం అదే.

ఎందుకంటారా? పంది ఒంటి ప్రోటీన్‌లో 100 పాళ్లకి 7 పాళ్లు లైసినే. మరి మనం పెట్టేవాటిలో ఎంత ఉంది? బియ్యపు ప్రోటీన్‌లో 4 పాళ్లకి లోపు. మొక్కజొన్న ప్రోటీన్‌లో 3 పాళ్లు. వేరుశనగ చెక్క ప్రోటీన్‌లో మూడున్నర. సోయాలో మాత్రం 6 పైన. అదండీ నేను చేసిన తప్పు. మరువం తక్కువైన దండకి నేను ఇంకో బుట్ట చామంతులు కొనిపించాను.

వాడిపోయిన పూల సంగతి కూడా చెప్పాలి. ఒంట్లో కొవ్వుని దాచుకోవడానికి చోటుంది, అమైనో ఆమ్లాలకి అలాంటి కొట్టు గది లేదు. దండలో పడనివన్నీ కాలేయానికి పోతాయి. అక్కడ వాటిలోంచి నత్రజని విడిపోయి యూరియాగా మారి ఉచ్చలో పోతుంది. మిగతా భాగం శక్తికో కొవ్వుకో పోతుంది. యూరియాని కడిగేసుకోవడానికి పందికి నీళ్లు ఎక్కువ కావాలి, అందుకే తొట్లు ఖాళీ అవుతాయి. ఉచ్చ పేడతో కలిసేసరికి అందులోని సూక్ష్మజీవులు యూరియాని అమ్మోనియా చేస్తాయి, కళ్లు మండేది దానికి. కాబట్టి ల్యాబ్ లేకపోయినా మీ ముక్కు మీకు ఒక ల్యాబే. పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే ఘాటు గుప్పుమందంటే, కడగకపోవడం ఒక కారణం కావచ్చు, చెక్క డబ్బు ఉచ్చలో పోతుండటం ఇంకో కారణం కావచ్చు.

ఇది ఊహ కాదండి. 1914లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఆస్బర్న్, మెండెల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకి మొక్కజొన్నలోని జీన్ అనే ప్రోటీన్ ఒక్కటే పెట్టి చూశారు. ఎలుకలు తూకం తగ్గిపోయాయి. దానికి ట్రిప్టోఫాన్ కలిపి పెట్టారు. తగ్గడం ఆగింది గానీ పెరగలేదు. లైసిన్ కూడా కలిపాక అప్పుడు పెరిగాయి. ప్రోటీన్ అంతకుముందున్నదే. లేని రెండు పూలూ అందాయి, దండ కదిలింది.

(ముందు వరసలోంచి ఒక యువకుడు: "సార్, మా గేదెకి తవుడు, ఎండుగడ్డి పెట్టినా పాలిస్తోంది కదండీ. పందికెందుకింత లెక్క?")

మంచి ప్రశ్న బాబూ. గేదె కడుపులో ఒక పెద్ద గంగాళం ఉంది, దాంట్లో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలో ఉన్న నాసిరకం ప్రోటీన్‌ని, ఆఖరికి యూరియాని కూడా, అవి తినేసి తమ ఒంటి ప్రోటీన్‌గా మార్చుకుంటాయి. ఆ తర్వాత గేదె ఆ సూక్ష్మజీవుల్ని అరిగించుకుంటుంది. అంటే గేదెకి దండలు కట్టిపెట్టే కూలీలు కడుపులోనే ఉన్నారు. పందికి లేరు. పందిది మన లాంటి ఒంటి గది కడుపు. మనం ఏది పెడితే దానికి అదే. ఇంకో మాట, గేదెల కోసం తెచ్చిన యూరియా కలిపిన దాణా ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని పంది తొట్టిలోకి పోనివ్వకండి. పందికి దానివల్ల పైసా లాభం లేదు.

బస్తా మీద ప్రోటీన్ 18 శాతం, 20 శాతం అని రాస్తారు చూశారా? ఆ అంకె వేసే పద్ధతి ఏమిటంటే, దాణాలో నత్రజని కొలిచి 6.25తో గుణిస్తారు. అంతే. నత్రజని యూరియాలోది అయినా, రొయ్య పెంకులోది అయినా, సోయాలోది అయినా ఆ లెక్కకి ఒకటే. మన దగ్గర రొయ్య తలల పొడి చవగ్గా దొరుకుతోంది కదా అని చాలామంది అడుగుతుంటారు. దాంట్లో మంచి ప్రోటీన్ ఉన్న మాట నిజం. కానీ పెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దాని నత్రజని కూడా ప్రోటీన్ లెక్కలోకి ఎక్కేస్తుంది, పందికి మాత్రం పనికి రాదు. కాగితం మీద కనిపించినంత కడుపులోకి రాదు. కాస్త వేసుకోండి, దాని మీదే ఆధారపడకండి.

ఇప్పుడు బోర్డు మీద ఒక లెక్క వేస్తాను. ఇది మన డెల్టాలో నేను మామూలుగా చూసే దాణా. 100 కిలోలకి నూకలు 40, నూనె తీసిన తవుడు, అదే మీరు డీఓబీ అనేది, 35, వేరుశనగ చెక్క 15, కొబ్బరి చెక్క 10. ప్రోటీన్ ఎంత? నూకల నుంచి 3 చిల్లర, తవుడు నుంచి 5 చిల్లర, వేరుశనగ నుంచి ఆరున్నర, కొబ్బరి నుంచి 2. మొత్తం 17 శాతం. చూడ్డానికి చక్కటి అంకె. పాతికేళ్ల వయసులో నేనైతే భేష్ అనేవాణ్ని.

మరి లైసిన్? 100 కిలోల్లో మొత్తం సుమారు 600 గ్రాములు. అందులో పేగుల్లో అరిగి రక్తంలోకి పోయేది 440 గ్రాముల దగ్గర. కొబ్బరి చెక్క ఉంది చూశారూ, కోనసీమలో చవగ్గా దొరుకుతుంది, దాని లైసిన్ అసలే తక్కువ, అందులో అరిగేది సగమే. 25 నుంచి 50 కిలోల బరువు మధ్య ఉన్న సీమ పందికి ఎంత కావాలి? అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో వేసిన పట్టిక ప్రకారం అరిగే లైసిన్ 100 కిలోల దాణాకి 980 గ్రాములు. మనం ఇస్తున్నది అందులో సగం కూడా కాదు.

ఒక్క మాట. ఆ పట్టిక మంచి కండ పెట్టే జాతులకి, మొక్కజొన్న, సోయా లాంటి చిక్కటి దాణాకి వేసింది. మన సంకర జాతికి, మన తవుడు దాణాకి సరిగ్గా 980యే ఉండాలని నేను పట్టుపట్టను. 850 ఉన్నా బాగానే పెరుగుతాయి. 440తో మాత్రం సీమ పంది నుంచి సీమ పంది పెరుగుదల ఆశించకూడదు. అలాంటి దాణా తిన్న పంది చిక్కిపోదండి, అదే మనల్ని మోసం చేసేది. నూకల్లో శక్తి ఉంది, కండ కట్టడానికి లైసిన్ లేదు, మిగిలిన శక్తి కొవ్వుగా మారుతుంది. పంది గుండ్రంగా కనబడుతుంది. మనం బాగుంది అనుకుంటాం. కాటా ఎక్కిస్తే నిజం బయటపడుతుంది. కండలో నాలుగింట మూడు వంతులు నీరే. ఒక గ్రాము ప్రోటీన్ చేరితే దాని వెంట మూడు గ్రాములకి పైగా నీరు బరువుగా చేరుతుంది. కొవ్వులో నీరు బాగా తక్కువ, దాన్ని కట్టడానికి శక్తి ఎక్కువ. అంటే అదే దాణాతో కండ కట్టిన పంది కాటా మీద ముందుంటుంది.

సరే, అదే లెక్కలో వేరుశనగ చెక్క 15 కిలోలు తీసేసి సోయా చెక్క 15 కిలోలు పెట్టండి. ప్రోటీన్ శాతం దాదాపు మారదు, 17 దగ్గరే ఉంటుంది. అరిగే లైసిన్ మాత్రం 440 నుంచి 650 గ్రాములకి లేస్తుంది. ఇప్పుడు 400 గ్రాముల లైసిన్ పొడి కలపండి. ఆ పొడిలో 78.8 శాతం అసలు లైసిన్ ఉంటుంది, అంటే ఇంకో 315 గ్రాములు. మొత్తం 965. గండి దాదాపు పూడింది.

అయితే ఒక చోట పూడ్చగానే పక్కన గట్టు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ నీళ్లు పొర్లుతాయి కదా. లైసిన్ సరిపోయాక తర్వాత తగ్గేవి థ్రియోనిన్, మెథియోనిన్. ఈ లెక్కలో వాటి పొడులు కూడా 100 కిలోలకి చెరో 100 గ్రాములు పడతాయి. లైసిన్ ఒక్కటే దండిగా పోసేసి మిగతా రెండూ మర్చిపోతే, ఆ లైసిన్ కూడా ఉచ్చలోనే పోతుంది. అదే దాణాలో తవుడు కూడా 35 నుంచి 20కి దించి ఆ 15 నూకలకి ఇవ్వండి, చిన్న పందులకి అంత పీచు మంచిది కాదు. లైసిన్ 30 గ్రాముల చిల్లర తగ్గుతుంది, ఫర్వాలేదు. ఉప్పు, మినరల్ మిక్చర్ ఎప్పటిలాగే వేసుకోండి.

శక్తి మాట ఎందుకు ఎత్తానంటే, దండలో ప్రతి ముడి వేయడానికీ ఖర్చు ఉంది. ఒక్కో అమైనో ఆమ్లాన్ని ముడి వేయడానికి ఒళ్లు ఏటీపీ అనే శక్తి నాణేలని ఖర్చు పెడుతుంది. కండరంలో ఆ ఏటీపీని మొదట గుర్తించినవాళ్లలో ఒకరు ఎవరో తెలుసా? యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో మన భీమవరంలోనే పుట్టారు. అమెరికాలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. ఇద్దరూ 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రపంచంలోని ల్యాబుల్లో దశాబ్దాల పాటు వాడారు. ఇక్కడికి బస్సులో గంట దూరం కూడా లేదు ఆయన పుట్టిన ఊరు. మన పిల్లలకి ఆయన పేరు చెప్పండి. విషయం ఏమిటంటే, లైసిన్ ఎంత పోసినా నూకలో, మొక్కజొన్నో సరిపడా లేకపోతే ముడి వేయడానికి నాణేలు ఉండవు. అప్పుడు పంది అమైనో ఆమ్లాలనే తగలబెట్టుకుంటుంది. రెండూ కలిసి నడవాలి.

(వెనక నుంచి ఒక పెద్దాయన: "ఆ పొడి మందా బాబూ? ఇంజెక్షన్ లాంటిదా? ఒంట్లో నిలిచిపోతుందేమో అని భయం.")

కాదు బాబాయ్. మందు కాదు, హార్మోన్ కాదు. 1950లలో జపాన్‌లో ఒక రకం మట్టి సూక్ష్మజీవితో అమైనో ఆమ్లాలు తయారు చేయడం మొదలైంది. చెరకు మడ్డి, గంజి లాంటి తీపి పదార్థాల మీద దాన్ని పెంచితే అది లైసిన్‌ని బయటికి వదులుతుంది. పెరుగు తోడు పెట్టినట్టే అనుకోండి, తోడు వేరు, గిన్నె పెద్దది. సోయాలో ఉన్న లైసిన్, ఆ పొడిలో ఉన్న లైసిన్ ఒకటే వస్తువు. ఒంట్లో నిలవదు. ఇందాక చెప్పానుగా, ఎక్కువైతే అదీ ఉచ్చలోకే. మీరు భయపడాల్సింది ఏదైనా ఉంటే ఎదుగుదల పేరు చెప్పి అమ్మే యాంటీబయోటిక్ పొట్లాలకి భయపడండి. పశువులకి, కోళ్లకి, చేపలకి కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడకాన్ని 2019లో కేంద్రం నిషేధించింది, మనుషులకి ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన మందు కాబట్టి. అలాంటివి దాణాలో కలపకండి.

ధర లెక్క కూడా చెబుతాను. నేను ఇవాళ్టి రేటు చెబితే వచ్చే నెలకి పాతబడిపోతుంది, అందుకని కొలిచే పద్ధతి చెబుతాను. బస్తా ధరని ప్రోటీన్‌తో భాగించకండి, అరిగే లైసిన్‌తో భాగించండి. కిలో సోయా చెక్కలో అరిగే లైసిన్ సుమారు 25 గ్రాములు. కిలో వేరుశనగ చెక్కలో 11. కిలో కొబ్బరి చెక్కలో 3. కిలో లైసిన్ పొడిలో 788. అంటే లైసిన్ వరకు చూస్తే ఒక కిలో పొడి 31 కిలోల సోయాకి సాటి. మూడు కిలోల పొడి, 97 కిలోల మొక్కజొన్న కలిస్తే 100 కిలోల సోయా చెక్క ఇచ్చే లైసిన్ ఇస్తాయని పంది దాణా చేసేవాళ్లలో పాత లెక్క ఒకటి ఉంది. అలా అని సోయా మొత్తం తీసేస్తే మిగతా పూలన్నీ అయిపోతాయి, ఆ పొరపాటు చేయకండి. ఈ మధ్య నూకలతో నడిచే ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి డీడీజీఎస్ అని పిప్పి వస్తోంది. ప్రోటీన్ సోయాతో సమానంగా కనబడుతుంది. లైసిన్ మాత్రం సోయా కంటే బాగా తక్కువ. పైగా ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే ఉన్న లైసిన్ కూడా చక్కెరతో అతుక్కుపోయి పందికి అందదు. అట్టు మాడితే ముదురు రంగు వస్తుంది చూడండి, అదే జరుగుతుంది. ముదురు రంగులో, మాడు వాసన ఉన్న పిప్పి తీసుకోకండి.

పొడి కలపడంలోనూ పని ఉంది. 400 గ్రాములు తెచ్చి 100 కిలోల కుప్ప మీద చల్లేస్తే ఒక పందికి అన్నీ దొరుకుతాయి, ఇంకోదానికి ఏమీ దొరకవు. ముందు రెండు కిలోల నూక పిండిలో బాగా కలపండి, ఆ రెండు కిలోలని పది కిలోలలో, ఆ పదిని మొత్తంలో. రోజుకి ఒక్కపూటే దాణా పెట్టేవాళ్లు కనీసం రెండు పూటలు చేయండి, మూడైతే ఇంకా మంచిది. పొడి లైసిన్ తొందరగా రక్తంలోకి వచ్చేస్తుంది, చెక్కలోని అమైనో ఆమ్లాలు అరిగి వచ్చేది తర్వాత. ఒకే పూట పెడితే మరువం పొద్దున్న వచ్చి చామంతులు సాయంత్రం వచ్చినట్టు అవుతుంది.

తవుడు గురించి ఇక్కడున్నవాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు గానీ రెండు మాటలు. నూనె తీయని పచ్చి తవుడు ఈ ఉక్కలో తొందరగా ముక్కిపోతుంది. ముక్కిన వాసనొస్తే కొనకండి. చిన్న మిల్లు తవుడులో ఊక ఎంత ఉందో తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్లలో గుప్పెడు వేయండి, ఊక పైకి తేలుతుంది. ఊక లోపలికి వెళ్లినట్టే బయటికి వచ్చేస్తుంది, పోతూ పోతూ మంచి ప్రోటీన్‌ని కూడా కొంత వెంట తీసుకుపోతుంది. వేరుశనగ చెక్క వాడేవాళ్లు వానాకాలంలో మరీ జాగ్రత్త. బూజు పట్టిన చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, పంది కాలేయం దానికి తట్టుకోలేదు. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జానెడు దూరంగా పెట్టండి.

చేపపొడి మంచిదే, లైసిన్ బాగా ఉంటుంది. ఉప్పుచేప మాత్రం వేరు. ఉప్పుచేప పెట్టి ఆ పూట నీళ్లు అందకపోతే పంది గుండ్రంగా తిరిగి, మూర్ఛలొచ్చి పడిపోతుంది. అలా పోయిన పందుల్ని నేను కళ్లారా చూశాను. చేప వాసన మాంసానికి పడుతుంది కాబట్టి అమ్మకానికి నెల రోజుల ముందు చేపలు ఆపేయండి.

(ఒక అమ్మ: "మావి నల్ల పందులండి, ఊర పందులు. వాటికీ ఈ పొడి వెయ్యాలా?")

అమ్మా, మీ నల్ల పందికి అంత అక్కర్లేదు. ఎందుకంటే అది కట్టుకునే దండే చిన్నది. తెల్ల సీమ పంది రోజుకి కట్టే కండ ఎక్కువ, అందుకే దానికి ఎక్కువ కావాలి. నల్లదానికి సీమ పంది లెక్కతో పెడితే డబ్బు వృథా. మీరు పప్పన్నం పెట్టండి, పందికి కూడా. బియ్యంలో లైసిన్ తక్కువ, మెథియోనిన్ ఫర్వాలేదు. పప్పుల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. ఒకదానికొకటి సరిపోతాయి. ఇడ్లీలో బియ్యం, మినప్పప్పు కలిసింది మన పెద్దవాళ్లు ఊరికే చేయలేదు. మన దగ్గర వరి కోశాక మినుము, పెసర వేస్తాం కదా, మిల్లులో వచ్చే పప్పు నూక చవగ్గా దొరికితే నూకలతో కలిపి ఉడకబెట్టి పెట్టండి. ఉడకబెట్టడం మర్చిపోకండి. పచ్చి పప్పుల్లో, పచ్చి సోయా గింజల్లో మరీ ఎక్కువగా, ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది. వేడికి అది పోతుంది.

తిరుపతిలో మన వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు సీమ పంది రక్తం మూడు వంతులు, నాటు రక్తం ఒక వంతు కలిపి తయారుచేసిన సంకరం ఉంది, తిరుపతి వరాహ అంటారు. అలాంటివాటికి నేను చెప్పిన లెక్కలో కాస్త తగ్గించుకుని పెట్టుకోవచ్చు.

హోటల్ ఎంగిలి, పెళ్లిళ్ల ఎంగిలి తెచ్చేవాళ్లున్నారు. తెచ్చుకోండి, తప్పు కాదు. అయితే అరగంట బాగా మరిగించకుండా ఒక్క ముద్ద కూడా పెట్టకండి. 2020లో అస్సాం, అరుణాచల్ వైపు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జ్వరం మన దేశంలోకి వచ్చింది. దానికి మందు లేదు. వచ్చిన షెడ్డులో మిగిలేవి బహు తక్కువ. ఎంగిలిలో పంది మాంసం ముక్క ఉంటే దాంతోనే వచ్చేస్తుంది.

శుభ్రతకీ దండకీ సంబంధం ఉందండి. పేగు లోపలి గోడ ఎప్పటికప్పుడు జిగురు తయారు చేసుకుంటుంది, దానికి థ్రియోనిన్ బాగా కావాలి. మురికి షెడ్డులో, నట్టలు, విరేచనాలు ఉన్నచోట పేగు ఎక్కువ జిగురు చేసుకుంటుంది, థ్రియోనిన్ అంతా అక్కడే ఖర్చైపోతుంది, కండకి మిగలదు. మంచి దాణా పెట్టి నట్టల మందు వేయకపోతే సగం దాణా నట్టలతో పోరాటానికే పోతుంది.

వేసవిలో ఇంకో సంగతి. పందికి చెమట పట్టదు. ఎక్కువైన ప్రోటీన్‌ని విడగొట్టి యూరియా చేయడంలో వేడి పుడుతుంది. మే నెలలో, బయట కాలవ నీళ్లు కూడా వేడెక్కిన రోజుల్లో, పంది అసలే తక్కువ తింటుంది. అప్పుడు చెక్క కాస్త తగ్గించి పొడి అమైనో ఆమ్లాలతో భర్తీ చేస్తే వేడి తగ్గుతుంది, తిన్న కాస్తలోనూ మరువం సరిపోతుంది. తెల్లవారుజామున, చీకటి పడ్డాక పెట్టండి, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు చల్లండి.

(అదే యువకుడు: "సార్, ఈ లెక్క చివరిదాకా ఒకటేనా?")

కాదు, అది చెప్పడం మర్చిపోయాను. పంది పెద్దదయ్యే కొద్దీ ఎక్కువ తింటుంది, దాణాలో లైసిన్ శాతం తగ్గుతూ పోవాలి. ఆ పట్టికలోనే తల్లి వదిలిన కొత్తలో 7 నుంచి 11 కిలోల పిల్లకి 1.35 శాతం, 25 నుంచి 50 కిలోలకి 0.98, అంటే ఇందాకటి 980 గ్రాములే, 50 నుంచి 75కి 0.85, 75 నుంచి 100కి 0.73. గుర్తుండాలంటే ఇంకోలా చెబుతాను, సీమ పంది కిలో బరువు పెరగడానికి అరిగే లైసిన్ సుమారు 20 గ్రాములు కావాలి. వృషణాలు తీసిన మగపంది కొవ్వు ఎక్కువ పడుతుంది కాబట్టి చివరి నెలల్లో దానికి కాస్త తక్కువ చాలు. రెండు రకాలుగా అయినా దాణా చేసుకోండి, చిన్నవాటికి ఒకటి, 50 దాటినవాటికి ఒకటి. ఒకే దాణా అన్నిటికీ పెడితే చిన్నదానికి చాలదు, పెద్దదానికి వృథా.

మరి బరువు ఎలా తెలుస్తుంది, కాటా లేదు కదా అంటారు. టైలరు టేపు ఉంటే చాలు. ముందు కాళ్ల వెనక గుండె చుట్టూ కొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు. రెండూ మీటర్లలో. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 69తో గుణించండి. చుట్టు 90 సెంటీమీటర్లు, పొడవు 90 సెంటీమీటర్లు అయితే 50 కిలోలు. అటూ ఇటూ రెండు మూడు కిలోల తేడా వస్తుంది, మన అవసరానికి చాలు. పదిహేను రోజులకోసారి కొలిచి గోడ మీద బొగ్గుతో రాసుకోండి. దాణా మార్చాక ఆ అంకెలు ఎలా కదిలాయో చూడండి, నా మాట కంటే అవే నమ్మకం.

టేపు తెచ్చాను. ఈ ఊళ్లో షెడ్డు ఉన్నాయన తవుడు బస్తా, చెక్క బస్తా విప్పి పెట్టమంటే పెట్టారు. ఎండ ఎక్కకముందే వెళ్దాం రండి, ముందు ఆ మూలనున్న చిన్న గుంపుని కొలుద్దాం.